లంగరు పోగొట్టిన సరంగు

మా అమ్మ పేరు రాజ్యశ్రీ. మా లాంచీ పేరు కూడా రాజ్యశ్రీయే. పెళ్ళాం మీద ప్రేమతో ఆ పేరు పెట్టానని మా నాన్న వెంకటప్పయ్య నలుగురిలో చెప్పుకునేవాడు. "నా పేరు పెట్టి దానిచేత వెదురు లాగిస్తున్నారు, ఇదేం ప్రేమో" అని మా అమ్మ వంటింట్లోంచే జవాబిచ్చేది.

ఆ లాంచీని పోయిన భాద్రపదంలో మా తమ్ముడు జయప్రకాశ్ పాత ఇనుప సామాను కింద అమ్మేశాడు. వాడికి ఖమ్మంలో పురుగుమందుల షాపు ఉంది. గోదావరి ఒడ్డున ముళ్ళకంపల మధ్య తుప్పు పడుతున్న ఇనుము వాడికెందుకు? ఫోన్లోనే బేరం ముగించాడు, నాతో ఒక్క మాట అనలేదు. పొద్దున్నే లారీ వచ్చి రేవులో ఆగితే నాకు సంగతి తెలిసింది.

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆయన చెబితే ఒప్పుకోను గానీ నేనే చెబుతున్నాను కాబట్టి నిజమే. కొంగు బిగించి రేవులోకి వెళ్ళేసరికి ఇనుప సామాను వ్యాపారి తుల్సీరాం, గ్యాస్ కట్టర్ పట్టుకున్న ఇద్దరు మనుషులూ కింద నిలబడి పైకి చూస్తున్నారు. లాంచీలో చుక్కాని దగ్గర జంపయ్య బాబాయి కూర్చుని ఉన్నాడు.

"పెద్దాయన దిగుతలేడమ్మా" అన్నాడు తుల్సీరాం.

"నేను దిగుత. జరసేపు కూసుంటనంటే ఇనుడులేదు" అన్నాడు బాబాయి. డెబ్భై ఏడేళ్ళ మనిషి. కంటి ఆపరేషన్ అయినా చూపు సరిగ్గా లేదు. లాంచీ ఒడ్డెక్కి పదిహేనేళ్ళయినా రోజూ పొద్దున వచ్చి తన చోట్లో కాసేపు కూర్చుని వెళ్ళడం మానలేదు.

జంపయ్య మాకు చుట్టం కాదు. మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న ఇప్పగుంపు అనే కోయగూడెం ఆయనది. మా లాంచీకి ఆయన సరంగు, అంటే దాన్ని నడిపే మనిషి. నేను ఆయన్ని బాబాయ్ అనడం ఎనభై ఆరు వరద రోజున మొదలైంది. అది చెప్పాలంటే ముందు లాంచీ సంగతి చెప్పాలి.

మా తాత కృష్ణా జిల్లా నుంచి వేంసూరు వచ్చి కొన్నాళ్ళు సేద్యం చేసి, అక్కడా కాలు నిలవక, భూమి చవకని పినపాక దాటి ఈ గోదావరి ఒడ్డుకు చేరాడు. మా నాన్నకు పొలం చాలలేదు. ధవళేశ్వరం దగ్గర ఎవరో వాడి వదిలేసిన ముప్పై అడుగుల ఇనుప లాంచీని కొని తెచ్చాడు. మొదట్లో అది కాగితం మిల్లుకు వెళ్ళే వెదురు తెప్పల్ని లాగింది. తర్వాత ఎండాకాలాల్లో తునికాకు మూటలు మోసింది. శ్రీరామనవమికి జనాన్ని భద్రాచలం తీసుకెళ్ళి తీసుకొచ్చింది. పురుడు పోసుకోవాల్సిన ఆడవాళ్ళను దవాఖానాకు చేర్చింది, ఇద్దరు పిల్లలు దారిలోనే దాన్లో పుట్టారు కూడా. వంతెన పడి బస్సులు తిరగడం మొదలయ్యాక దాని పని అయిపోయింది.

ఎనభై ఆరులో నాకు పద్నాలుగేళ్ళు. గోదావరి రాత్రికి రాత్రి ఊళ్ళోకి వచ్చింది. తెల్లవారేసరికి అమ్మా, నాన్నా, నేనూ డాబా మీద ఉన్నాం, నీళ్ళు పిట్టగోడను తాకుతున్నాయి. తమ్ముడు వేంసూరులో అత్తయ్య వాళ్ళింట్లో ఉండి బతికిపోయాడు. జంపయ్య ముందు పల్లంలో ఉన్న ఇప్పగుంపుకు వెళ్ళి అందర్నీ ఎక్కించుకుని, తర్వాత మా దగ్గరికి వచ్చాడు. అప్పటికే లాంచీ అంచుకూ నీటికీ మధ్య జానెడు జాగా లేదు. "మనిషే ఎక్కాలె, సామాను ఎక్కద్దు" అన్నాడు. నాన్న ట్రంకుపెట్టె డాబా మీదే ఉండిపోయింది. జంపయ్య నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాగాడు. భయంతో నా నోట వచ్చిన మాట "బాబాయ్". ఆ తర్వాత దాన్ని మార్చాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

అందరం బతికాం. వరద తీశాక చూస్తే లాంచీలో లంగరు లేదు. "జారిపోయిందయ్యా" అన్నాడు జంపయ్య. నాన్న ఆయనకు కృతజ్ఞతగా ఒక్క మాట అనలేదు గానీ కొత్త పేరు మాత్రం పెట్టాడు, లంగరు పోగొట్టిన సరంగు అని. కొత్త లంగరు కొనలేదు, రేవులో చింతచెట్టుకు మోకు కట్టించేవాడు. బతికున్నన్నాళ్ళూ ఆ పేరుతోనే పిలిచాడు. జంపయ్య కూతురి పెళ్ళిలో, పందిట్లో, మగపెళ్ళివారి ముందు కూడా అలాగే పిలిచాడు. అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. అప్పుడు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

అందుకే ఆ రోజు రేవులో తుల్సీరాంతో బేరానికి దిగాను. నా తెలివి అంతా ఉపయోగించాను. "బరువైంది ఇంజనే కదా, షాఫ్టుతో సహా ఇవాళే పట్టుకుపో. ఒట్టి లాంచీని నాకు వదిలెయ్" అన్నాను.

"ఇంజను లేని లాంచీ ఏం జేస్కుంటరమ్మా?"

పై నుంచి బాబాయి అందుకున్నాడు. "తెరచాప కడ్తం. మా తాత తెరచాప నావల మీదనే రాజమండ్రి దాంక పోయొచ్చెటోడు. కార్తీకంల తూరుపు గాలి ఎగువకు తోలుతది. వచ్చేటప్పుడు నీళ్ళే తెస్తయి. డీజిల్ ఏంటికి?"

ఆయన ఎంతకాలంగా ఆలోచిస్తే ఆ మాట అంత తడుముకోకుండా వచ్చిందో నాకు తెలియదు. అవసరం కూడా ఉంది. ఇప్పగుంపు వాళ్ళకు నది మధ్య లంకలో పొలాలున్నాయి. వంతెన లంకకు వెళ్ళదు. పెసలు, మినుములు, మిర్చి అన్నీ చిన్న దోనెల్లో రెండేసి బస్తాలు పెట్టుకుని తెచ్చుకుంటారు. ఏటా ఒకటో రెండో దోనెలు బోల్తా పడతాయి.

తుల్సీరాం మంచివాడే గానీ వ్యాపారి. "కార్తీక పున్నం దాంక ఆగుత. గా లోపల ఇది నీళ్ళ మీద నిలబడి లంకకు పోయొస్తే మీది. లేకుంటే కట్టర్ తెస్త" అన్నాడు. సరేనన్నాను. ఇంజను లారీ ఎక్కింది.

బాబాయి కొడుకు రవీందర్‌కు మణుగూరులో వెల్డింగ్ షాపు ఉంది. వారం రోజులు షాపు మూసేసి వచ్చి తుప్పు గీకాడు, చిల్లులకు రేకు అతికాడు. తెరచాప నిలబెట్టే కొయ్య కోసం అడవిలో చెట్టు కొడితే ఫారెస్టు వాళ్ళు ఊరుకోరు కదా, మా పొలంలో ఎండిపోయిన బోరు నుంచి పీకిన కేసింగ్ పైపును ఇంజను కూర్చున్న దిమ్మ మీద నిలబెట్టి వెల్డ్ చేశాడు. తెరచాప పని నాకూ, బాబాయి భార్య జంపక్క పిన్నికీ పడింది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే పేరు, ఒకరికి చివర అయ్య, ఒకరికి అక్క. ఇద్దరిలో ఎవర్ని పిలిచినా పిన్నే పలుకుతుంది.

అంత గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? మిర్చి కల్లంలో పరిచే పట్టాలు ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చాం. దబ్బనాలు పెట్టి, నైలాను దారంతో మా వరండాలో కూర్చుని కుట్టాం. నాలుగేళ్ళ మిర్చి ఘాటు వాటిలో ఉంది. కుట్టు కుట్టుకూ తుమ్ము. మా ఆయన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. "గీ చాప గాలికి గాదు, తుమ్ములకే పోతది" అని పిన్ని నవ్వింది. తొమ్మిదో రోజుకు ఎర్రెర్రగా మచ్చలున్న పెద్ద తెరచాప తయారైంది. నా జీవితంలో నేను కుట్టిన వాటిల్లో అదే పెద్దది, అదే వంకర.

పున్నానికి నాలుగు రోజుల ముందు ట్రాక్టరుతో లాంచీని నీటిలోకి నెట్టాం. తేలింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. రవీందర్ తాళ్ళు లాగి తెరచాప పైకెత్తాడు. గాలి వచ్చి దాన్లో కూర్చుంది. అంతే, లాంచీ మెల్లగా, ఏ తొందరా లేకుండా పక్కకు ఒరిగి మిర్చి పట్టాలను గోదావరిలో ముంచింది. లోతు లేదు కాబట్టి రవీందర్ నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఒడ్డున టీ తాగుతున్న తుల్సీరాం నవ్వు ఆపుకోవడానికి గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

ఏమైందో బాబాయి వినే చెప్పేశాడు. "ఇంజను పోయింది గద. టన్నుకు పైన బరువు అడుగున ఉండెటిది. ఇప్పుడు కడుపు ఖాళీ, నెత్తి మీద పైపు. గిట్లయితే ఎట్ల నిలబడ్తది?"

ఇంజను ఇచ్చేసింది నేనే. తెలివిగా బేరం చేశానని అప్పటికి నలభై మందికి చెప్పుకున్నాను.

మర్నాడు రవీందర్ ఇసుక బస్తాలు వేసి చూశాడు. లాంచీ ఒరిగినప్పుడల్లా అవీ అటే జారాయి, ఇంకా ఒరిగింది. "ఇసుక మాట ఇనదు. రాయి కావాలె. బల్లపరుపుగ, ఏసిన కాడ్నే కూసోవాలె" అన్నాడు బాబాయి. గుండ్రాళ్ళు దొర్లుతాయి. బండలు కొట్టించడానికి రోజులు లేవు.

సాయంత్రం పిన్ని తన తిరగలిని నెత్తిన పెట్టుకుని రేవుకు వచ్చింది. కింది రాయి, పై రాయి, రెండూ తెచ్చింది. "మిక్సీ వచ్చినంక మూలకు పడ్డది. దీనికన్న బల్లపరుపు రాయి ఏడ దొరుకుద్ది?" అంది.

నేను ఎవర్నీ అడగలేదు. పిన్ని కూడా అడగలేదంది. కానీ మూడో రోజు పొద్దున్నకి ఇప్పగుంపు నుంచి వరసగా మనుషులు వస్తున్నారు. తిరగళ్ళు, సన్నికల్లు, అడుగు చిట్లిన రోళ్ళు. ఒకాయన గుమ్మం ముందు కాళ్ళు కడుక్కునే బండ పెరికి తెచ్చాడు. "మా అమ్మ గీ లాంచీలనే బతికింది" అన్నారొకరు. "నేను దీంట్లనే పుట్టిన" అన్నాడు మీసాలున్న ఓ మనిషి, రోలు దింపుతూ. లాంచీ అడుగున రవీందర్ వాటిని పక్కపక్కన పేర్చి, కదలకుండా మధ్యలో చెక్కలు కొట్టాడు. మా ఊరి వాళ్ళకూ సిగ్గేసిందేమో, మధ్యాహ్నానికి మా వీధి రోళ్ళు కూడా కదిలాయి. నేను మా అమ్మ సన్నికల్లు తెచ్చాను. రాజ్యశ్రీలోకి రాజ్యశ్రీ సన్నికల్లు చేరింది. అమ్మ ఉంటే ఇంకో మాట విసిరేది.

ఒక్క ఇంటి నుంచే రాయి రాలేదు. అది ఇప్పగుంపులోని పుల్లమ్మ ఇల్లు. ఆమెను కూడా వరదలో బాబాయే తెచ్చాడు. కానీ ఆ తర్వాత ఆమె మళ్ళీ మా లాంచీ ఎక్కలేదు. దవాఖానాకైనా, జాతరకైనా చుట్టూ తిరిగి నడిచే వెళ్ళేది. బాబాయి ఎదురైతే తల దించుకుని పక్కదారి పట్టేది. ఆమెకు పొగరని మేమంతా అనుకునేవాళ్ళం. నేను పైకే అన్నాను కూడా.

పున్నమి రోజు పొద్దున తుల్సీరాం లారీతో, కట్టర్‌తో సహా వచ్చాడు. లాంచీ నీళ్ళలో నిటారుగా ఉంది. రవీందర్ తాళ్ళు సరిచూస్తున్నాడు. అప్పుడు ఒడ్డున జనం పక్కకు జరిగారు. పుల్లమ్మ, ఆమె కోడలు పుష్పలత వస్తున్నారు. పుష్పలత చంకలో గొంగడిలో చుట్టిన మూట ఉంది. పుల్లమ్మ దాన్ని తీసుకుని, ఒగరుస్తూ, బాబాయి కాళ్ళ ముందు ఇసుకలో పెట్టి గొంగడి విప్పింది. తిరగలి పై రాయి. ఒక్కటే ఉంది, కింది రాయి లేదు.

"గీ రాయి నీకెరికేనా?" అని అడిగింది.

బాబాయి వంగి చేత్తో తడిమాడు. నడిమి బొక్కలో వేలు పెట్టి చూశాడు. "ఎరికే" అన్నాడు.

పుల్లమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. "వరదొచ్చి ఇల్లు పోయింది. కోళ్ళు పోయినయ్. మా అవ్వ నది అవతల నుంచి నెత్తిన మోస్కొచ్చిన తిరగలిల గిదొక్కటి చేతికొచ్చింది. సామాను ఎక్కద్దన్నడు. గొంగడిల చుట్టి చంటిపోరన్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్న. పోరడే అనుకుని అందరు జరిగి జాగ ఇచ్చిండ్రు."

"ఏడ్వని పోరడు" అన్నాడు బాబాయి, నవ్వుతూ.

"నీకు అప్పుడే తెలుసా?"

"లాంచీ నువ్వు కూసున్న దిక్కు ఒరిగింది. చంటిపోరనికి గంత బరువుంటదా?"

పుల్లమ్మ కళ్ళు తుడుచుకుంది. "గప్పుడు మీ డాబా కాడికొచ్చినం. ముగ్గురున్నరు. లాంచీ మునుగుతదని ఎన్కనున్నోళ్ళు మొత్తుకున్నరు. గీయన నా దిక్కు చూసిండు, నా మూట దిక్కు చూసిండు. తియ్యమంటడనుకున్న. గట్టిగ పట్టుకున్న. ఏం అనలే. మల్లి ఎన్కకు పోయి లంగరు మోకు కోసి నీళ్ళల్ల ఇడిచిండు. గట్ల మిమ్మల్ని ఎక్కించుకున్నడు. మీ నాయన ఆయన్ని గా పేరు పెట్టి పిలిచినప్పుడల్ల నాకు సచ్చిపోవాలనిపించేది. నేను చెప్దునంటే, నోరు మూసుకోమన్నడు."

నేను బాబాయిని చూశాను.

"చెప్తే ఈమెను ఆడిపోసుకునెటోళ్ళు గద" అన్నాడు బాబాయి మెల్లగా. "ఇల్లు పోయి ఏడుస్తున్న మనిషి. నన్నంటే ఏమయితది? నాకు పేరే గద."

పెళ్ళి పందిట్లో నేను నవ్విన నవ్వు నాకు మళ్ళీ గుర్తొచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళు మా ఇంటిల్లిపాదీ ఎగతాళి చేసిన లంగరు, మేం ముగ్గురం ఎక్కడానికే నీటిలోకి వెళ్ళింది. నేను ఏడ్చాను. తుల్సీరాం ముందు ఏడవకూడదని అనుకున్నాను గానీ ఆగలేదు. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"గాలి పోతది, ఎక్కుర్రి" అన్నాడు బాబాయి.

పుల్లమ్మ రాయి ఎత్తుకుని తనే ఎక్కింది. ఇన్నేళ్ళ తర్వాత ఎక్కడం కదా, అంచు పట్టుకుని కాసేపు నిలబడి, ఆ రోజు కూర్చున్న చోటే వెతుక్కుని కూర్చుంది. బాబాయి చుక్కాని పట్టాడు. చూపు సరిగ్గా లేకపోయినా ఆయనకు ఇబ్బంది లేదు, గాలి ఏ చెవికి తగులుతుందో దాన్నిబట్టి తిప్పుతున్నాడు. రవీందర్ తెరచాప ఎత్తాడు. లాంచీ కొంచెం ఒరిగింది. ఒడ్డున జనం ఊపిరి బిగబట్టారు. అడుగున రాళ్ళు ఒక్కటి కూడా కదల్లేదు. లాంచీ మళ్ళీ నిలదొక్కుకుని ఎగువకు సాగింది.

నలభై ఏళ్ళు ఆ లాంచీని చూశాను గానీ అది చప్పుడు లేకుండా వెళ్ళడం అదే మొదటిసారి. నీళ్ళు ఇనుముకు తగిలే చప్పుడు వినిపిస్తోంది. ఒడ్డున ఎవరో పిలుస్తుంటే మాట స్పష్టంగా అందుతోంది. మిర్చి పట్టాల ఘాటుకు పిన్ని రెండుసార్లు తుమ్మింది. అంత సంతోషంగా నేను ఎప్పుడైనా ఉన్నానా అంటే గుర్తులేదు.

లంక దగ్గరికి వచ్చాం. రవీందర్ తెరచాప దించాడు. "లంగరెయ్యి" అన్నాడు బాబాయి, పాత అలవాటు కొద్దీ.

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కొయ్య గురించి ఆలోచించాం, చాప గురించి ఆలోచించాం, బరువు గురించి ఆలోచించాం. లంగరు సంగతి ఒక్కరికీ తట్టలేదు. లంకలో మోకు కట్టడానికి చెట్టు కూడా లేదు. లాంచీ మెల్లగా దిగువకు జారడం మొదలుపెట్టింది. అది లంక తాకకుండా వెనక్కి వెళ్తే తుల్సీరాం ఒప్పుకోడు.

పుల్లమ్మ ఒళ్ళో ఉన్న రాయిని రవీందర్ ముందు పెట్టింది. "దీనికి నడిమిట్ల బొక్క ఉన్నది" అంది.

రవీందర్ మోకు కొసను ఆ బొక్కలోంచి దూర్చి రెండు ముళ్ళు వేశాడు. రాయి అందుకుని బాబాయి చేతికిచ్చాడు. బాబాయి దాన్ని ఒక క్షణం పట్టుకుని నీళ్ళలోకి వదిలాడు. మోకు బిగిసింది. రాయి ఇసుకలో కూరుకుంది. లాంచీ ఆగింది. పుల్లమ్మ కోయ భాషలో ఏదో అంది, పిన్ని ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

నేను వెళ్ళి చుక్కాని పక్కన కూర్చున్నాను. "బాబాయ్, ఆ పాత లంగరు ఎంత బరువుండేది?"

"నలభై కిలోలుండె."

"అప్పుడు నేనూ అంతే ఉండేదాన్ని."

"లేదు బిడ్డా, నువ్వు బక్కగ ఉంటివి. ముప్పై ఎనిమిదే ఉంటివి" అన్నాడు బాబాయి నవ్వుతూ. "నీకన్న అదే రెండు కిలోలు ఎక్కువుండె. గందుకే దాన్ని ఇడిచిన."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా నాన్న అనాల్సిన మాట, ముప్పై తొమ్మిదేళ్ళ ఆలస్యంగా, నేను అన్నాను.